ఇద్దరు ఎయిర్‌మెన్, ఒక డ్రైవర్

మా బాపు బూట్లకు పాలిష్ పెట్టడం చూస్తే, తెలియనివాళ్ళకు ఏదో పూజ చేస్తున్నాడేమో అనిపిస్తుంది. పాత బనియన్ గుడ్డను చూపుడు వేలికి బిగించి చుట్టి, డబ్బాలోని కివీ పాలిష్‌ను తగీతగలనట్టు అద్ది, బూటు మొన మీద ఒక్క నీటి చుక్క వేసి, చిన్న చిన్న సున్నాలు చుట్టుకుంటూ పోతాడు. ఒక్కో బూటుకు అరగంట. హుజూరాబాద్‌లో అయినా, ఇంగ్లండ్‌లోని బెడ్‌ఫర్డ్‌లో మా ఇంటి వెనక మెట్ల మీద అయినా అంతే.

పోయిన సెప్టెంబరులో ఒక సాయంత్రం ఆ పనిలో ఉండగా పక్కింటి పెద్దాయన కంచె మీదుగా చూసి, "ఏ సర్వీసు?" అని అడిగారు. బాపు గుడ్డ పక్కన పెట్టి లేచి నిలబడ్డాడు. "ఇండియన్ ఎయిర్‌ఫోర్స్ సర్. సార్జెంట్. పదిహేనేళ్ళు." పెద్దాయన చేతికర్రను ఎడమ చేతిలోకి మార్చుకుని సెల్యూట్ కొట్టారు. "రాయల్ ఎయిర్‌ఫోర్స్. రెండేళ్ళు. మీ ముందు నేను నిలబడాలి, మీరు కాదు."

ఏడేళ్ళుగా ఆ ఇంటి పక్కనే ఉంటున్నాను. ఆయన ఎయిర్‌ఫోర్స్‌లో చేశారని నాకు అప్పటిదాకా తెలియదు. ఆయనకు 88 ఏళ్ళు, కారు నడపడం మానేసి మూడేళ్ళయింది. పిల్లలు ఆస్ట్రేలియాలో. బాపుకు 71. 1972లో చేరి, 1987లో బయటికొచ్చి, మాజీ సైనికుల కోటాలో బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. ఇద్దరూ కంచె దగ్గర వారం రోజులు ముచ్చట పెట్టుకుని నా సెలవులకు ఎసరు పెట్టారు. పెద్దాయన 1954 నుంచి 1956 దాకా ఉన్న చోట్లన్నీ ఒకసారి చూసి రావాలి. డ్రైవర్ని నేను. పులిహోర మా ఆవిడ కట్టిచ్చింది, ఆమెకు మాత్రం సెలవు దొరకలేదు. దొరకనందుకు ఆమె పెద్దగా బాధపడినట్టు కనిపించలేదు.

మొదటి రోజు: కార్డింగ్టన్

ఇంటి నుంచి పావుగంట. మొదటి రోజు కార్యక్రమం ఇంతే. మిగతా టైమంతా ఇద్దరూ సామాను సర్దుకోవడానికే పట్టింది.

కార్డింగ్టన్ షెడ్లు బెడ్‌ఫర్డ్‌లో ఉండేవాళ్ళకు కొత్త కాదు. పొలాల మధ్య రెండు కొండల్లా నిలబడి ఉంటాయి. ఒక్కోటి 800 అడుగుల పైనే పొడవు. గాలి ఓడల కోసం, అంటే వాయువు నింపిన భారీ బెలూన్ల లాంటి వాహనాల కోసం కట్టినవి. "గీ షెడ్డు కింద మా వాడ మొత్తం పడ్తది గదరా" అన్నాడు బాపు. ఆర్ 101 అనే గాలి ఓడ 1930 అక్టోబరు 4 సాయంత్రం ఇక్కడి నుంచే కరాచీకి, అంటే అప్పటి మన దేశానికే బయల్దేరింది. ఫ్రాన్సు దాటలేదు. తెల్లవారుజామున బోవే ఊరి దగ్గర కూలి కాలిపోయింది. చనిపోయిన 48 మంది సమాధి ఈ ఊరి చర్చి దగ్గరే ఉంది.

పెద్దాయనకు గాలి ఓడల గోల అక్కర్లేదు. ఆయన చూడాల్సింది షెడ్ల పక్క క్యాంపు. యుద్ధం అయిపోయాక కూడా బ్రిటన్‌లో పద్దెనిమిదేళ్ళు నిండిన కుర్రాళ్ళు సైన్యంలో చేయాల్సిందే. దాన్ని నేషనల్ సర్వీస్ అనేవాళ్ళు. 1949లో పద్దెనిమిది నెలలతో మొదలై, కొరియా యుద్ధం రావడంతో 1950లో రెండేళ్ళయింది. చివరి బ్యాచ్ 1963లో ఇళ్ళకు వెళ్ళింది. ఎయిర్‌ఫోర్స్ వంతు వచ్చిన కుర్రాళ్ళు ముందు కార్డింగ్టన్‌లో దిగి, యూనిఫారం, కిట్, నంబరు తీసుకునేవాళ్ళు.

ఇప్పుడక్కడ ఇళ్ళు. వరుసగా ఇటుక ఇళ్ళు, వాకిట్లో పిల్లల సైకిళ్ళు. పెద్దాయన ఒక గేటు ముందు ఆగి, "ఇక్కడనుకుంటా, నా బట్టలు పార్సిల్ చేసింది" అన్నారు. మొదటి రోజే ఇంటి నుంచి వేసుకొచ్చిన బట్టలు విప్పించి, గోధుమరంగు కాగితంలో చుట్టి, పురికొస కట్టి, ఇంటి అడ్రసు రాయించేవాళ్ళట. ఆ పార్సిల్ విప్పి వాళ్ళమ్మ ఏడ్చిందని చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. "యుద్ధంలో పోయినవాళ్ళ బట్టలూ అలాగే వచ్చేవి కదా, ఆ కాగితం చూసి భయపడింది."

నంబరు కూడా ఆ రోజే. జీతాల పరేడ్‌లో పేరు పిలవగానే గట్టిగా "సర్" అని, నంబరులో చివరి మూడు అంకెలు అరవాలి. మొదట్లో రోజుకు 4 షిల్లింగులు, వారానికి 28. ఆయన మాకోసం ఆ మూడు అంకెలూ అరిచి చూపించారు. ఎదురింట్లో కుక్క మొరిగింది. బాపు ఊరుకుంటాడా, తన సర్వీసు నంబరు మొత్తం అప్పజెప్పాడు. ఈయన ఏటీఎం పిన్ను నేను గుర్తుపెట్టుకోవాలి, అది వేరే సంగతి.

రెండో రోజు: కానక్ చేస్

పొద్దున్నే బయల్దేరి స్టాఫర్డ్‌షైర్ దారి పట్టాం. బెడ్‌ఫర్డ్ నుంచి రెండు గంటలు, బాపు టీ కోసం ఆపించిన రెండు సార్లు కలిపితే మూడు.

కానక్ చేస్ అంటే అడవి, మెట్ట, పొదలు కలిసిన పెద్ద పార్కు. హెడ్నెస్‌ఫర్డ్ క్యాంపు ఇక్కడే ఉండేది. 1950 నుంచి 1956 దాకా కొత్త కుర్రాళ్ళకు కవాతు నేర్పిన చోటు. ఎనిమిది వారాలు. దాన్ని అందరూ 'స్క్వేర్ బాషింగ్' అనేవారు, అంటే బూట్లతో పరేడ్ గ్రౌండును దంచడం. ఇప్పుడు గుడిసెలు లేవు. బర్చ్ చెట్లు, కుక్కల్ని తిప్పేవాళ్ళు, అక్కడక్కడా నేలలో కాంక్రీటు పలకలు, క్యాంపు గురించి చెప్పే బోర్డులు.

క్యాంపుకు ఎక్కే వాలును కిట్‌బ్యాగ్ హిల్ అంటారు. రైలు దిగి, బరువంతా భుజాన వేసుకుని ఎక్కిన కుర్రాళ్ళు పెట్టిన పేరు. పెద్దాయన కారులో ఎక్కడానికి ఒప్పుకోలేదు. "సగం దాకా నడుస్తా." సగం దాకా అంటే పదిహేను నిమిషాలు. రెండు వేళ్ళ మందాన బురద, ఆయన కర్ర దిగబడుతూ ఉంది. బాపు పక్కనే, పట్టుకోకుండా, పడితే పట్టుకునేంత దూరంలో నడిచాడు. నేను వెనకాల పెద్దాయన సంచీ మోశాను. అందులో థర్మాస్, బీపీ మాత్రలు, మా పులిహోర.

పైన బెంచీ దొరికింది. పులిహోర తింటూ ఆయన చెప్పడం మొదలుపెట్టారు. ఎయిర్‌ఫోర్స్ అనగానే నేను విమానాల కబుర్లు వస్తాయనుకున్నాను. ఒక్కటీ రాలేదు. వచ్చిందల్లా పొయ్యి.

చెక్క గుడిసె, రెండు వరుసల్లో ఇనప మంచాలు, మధ్యలో ఒకే ఒక్క కోక్ బొగ్గు పొయ్యి. ఆయన వెళ్ళింది నవంబరులో. పొయ్యి పక్క మంచాలవాళ్ళు మాడిపోయేవాళ్ళు, తలుపు పక్కవాళ్ళు గడ్డకట్టేవాళ్ళు. ఆయనది తలుపు పక్కనే. పైగా ఇన్‌స్పెక్షన్ ఉన్న రోజు పొయ్యి వెలిగించకూడదు. ఎందుకంటే పొయ్యికి నల్ల పాలిష్ పెట్టి అద్దంలా ఉంచాలి, మంట పెడితే పాడవుతుంది. "చలికాచుకోవడానికి ఇచ్చిన పొయ్యికి చలి పుట్టేదాకా పాలిష్ పెట్టాం" అన్నారాయన.

నేల సంగతి ఇంకా విచిత్రం. లినోలియం పరిచిన నేలను మైనంతో రుద్ది, దాని మీద బూటు పెట్టనిచ్చేవాళ్ళు కాదు. తలుపు దగ్గర ఫెల్ట్ అనే మందపాటి ఉన్ని గుడ్డ ముక్కలు, పాత దుప్పటి ముక్కలు పడి ఉండేవి. లోపలికి రాగానే రెండు ముక్కల మీద కాళ్ళు పెట్టి, ఎత్తకుండా, జారుకుంటూ మంచం దాకా వెళ్ళాలి. నడిచినట్టూ ఉంటుంది, నేల తుడిచినట్టూ ఉంటుంది. ఇరవై మంది పద్దెనిమిదేళ్ళ కుర్రాళ్ళు రాత్రిపూట అలా జారుతుంటే ఎలా ఉంటుందో చూపించడానికి ఆయన కూర్చునే కాళ్ళు కదిపారు.

"మాకు సాంబ్రాలో," అని బాపు అందుకున్నాడు. సాంబ్రా అంటే బెల్గాం దగ్గర, మన ఎయిర్‌మెన్‌కు ట్రైనింగ్ ఇచ్చే చోటు. "పొయ్యి లేదు. కానీ కార్పొరల్ ఉన్నడు. పొయ్యి కన్నా వేడి." శిక్ష పడితే వీపు మీద మూట కట్టుకుని గ్రౌండు చుట్టూ పరుగెత్తాలి, దాన్ని పిట్టూ పరేడ్ అనేవాళ్ళు. పెద్దాయన దగ్గర దానికి 'జాంకర్స్' అన్న మాట ఉంది. ర్యాంకులేమో ఇద్దరివీ దాదాపు ఒకటే, ఎయిర్‌క్రాఫ్ట్స్‌మన్, లీడింగ్ ఎయిర్‌క్రాఫ్ట్స్‌మన్, కార్పొరల్, సార్జెంట్. ఇంగ్లిష్‌వాళ్ళు వెళ్ళిపోయారు గానీ వాళ్ళ కార్పొరళ్ళను మనకే వదిలి వెళ్ళారని నాకప్పుడు అర్థమైంది.

1956 చివర్లో క్యాంపు మూతపడింది. ఆ వెంటనే, సోవియట్ సైన్యానికి భయపడి పారిపోయి వచ్చిన హంగేరీ శరణార్థులను అవే గుడిసెల్లో ఉంచారు. పెద్దాయనకు ఆ విషయం బోర్డు చదివాకే తెలిసింది. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "వాళ్ళకైనా పొయ్యి వెలిగించుకోనిచ్చి ఉంటారు" అన్నారు.

మధ్యాహ్నం కాస్‌ఫర్డ్ మ్యూజియంకు వెళ్ళాం. వాలియంట్, విక్టర్, వల్కన్, బ్రిటన్ అణుబాంబుల కోసం చేయించుకున్న మూడు రకాల వీ బాంబర్లు ఒకే చోట ఉన్నది ఇక్కడొక్కటే. నేను ఫోటోలు తీశాను. పెద్దాయన బెంచీ మీద కునుకు తీశారు. బాపు ఆయన చేతికర్రకు కాపలా కూర్చున్నాడు.

మూడో రోజు: న్యూఆర్క్, బిన్‌బ్రూక్

రాత్రి దిగిన గెస్ట్‌హౌస్‌లో మూడు గదులు బుక్ చేస్తే రెండే ఉన్నాయన్నారు. పొరపాటు వాళ్ళదేనని ఒప్పుకున్నారు, గది మాత్రం పుట్టలేదు. పెద్దాయనను, బాపును ఒకే గదిలో రెండు మంచాల మీద పడుకోబెట్టాల్సి వచ్చింది. ఆయనకు ఇబ్బందేమోనని నాకు రాత్రంతా టెన్షన్.

పొద్దున ఏడింటికి తలుపు తట్టాను. లోపల ఇద్దరూ దుప్పట్లు మడతపెడుతున్నారు. మామూలు మడత కాదు, బెడ్ ప్యాక్. ఒక దుప్పటి, దాని మీద షీటు, మళ్ళీ దుప్పటి, మళ్ళీ షీటు, మళ్ళీ దుప్పటి, అన్నీ ఒకే వెడల్పున మడిచి, నాలుగో దుప్పటిని చుట్టూ పటకాలా చుట్టాలి. ముందు నుంచి చూస్తే ఇటుకలా ఉండాలి, మూలలు కోసినట్టుండాలి. మూల వంకరైతే కార్పొరల్ దాన్ని కిటికీలోంచి బయట పడేసేవాడట. వానైనా సరే.

వచ్చిన చిక్కల్లా, గెస్ట్‌హౌస్‌లో దుప్పట్లు లేవు, ఉన్నవి మెత్తటి బొంతల్లాంటి డూవేలు. వాటిని ఎంత నొక్కినా ఉబ్బుతాయి. బాపు మోకాలు వేసి నొక్కి పట్టుకుంటే పెద్దాయన తువ్వాలుతో చుట్టారు. రెండు క్షణాలు ఇటుకలా నిలబడి, ఉబ్బి, మంచం మీంచి జారి కింద పడింది. ఇద్దరూ ఎంత నవ్వారంటే కింద రిసెప్షన్‌లో అమ్మాయి ఏమైందోనని పైకి వచ్చింది.

న్యూఆర్క్ మ్యూజియం పాత వింతోర్ప్ ఎయిర్‌ఫీల్డ్‌లో ఉంది. మేం వెళ్ళింది ఒక్క విమానం కోసం, కాన్‌బెర్రా. పెద్దాయన పనిచేసిన బిన్‌బ్రూక్‌కు 1951లో మొట్టమొదట కాన్‌బెర్రాలు వచ్చాయి, 101 స్క్వాడ్రన్‌కు. బ్రిటన్ ఎయిర్‌ఫోర్స్‌కు అదే తొలి జెట్ బాంబర్. మన ఎయిర్‌ఫోర్స్ 1957 నుంచి అవే నడిపింది. బాపు నాలుగేళ్ళు ఆగ్రాలో వాటి మధ్యే ఉన్నాడు.

రెక్క కింద నిలబడి ఇద్దరూ ఒకే వైపు చూశారు, ఇంజను ముందు ముక్కులా పొడుచుకొచ్చిన మొన వైపు. అందులోనే స్టార్టర్ ఉంటుంది. ఈ ఇంజను తాళం తిప్పితే మొదలయ్యేది కాదు. తుపాకీ తూటా లాంటి పెద్ద కార్ట్రిడ్జ్ పెట్టి పేలిస్తే, ఆ వాయువు వేగానికి ఇంజను తిరిగేది. ఢామ్మని చప్పుడు, భగ్గున నల్లటి పొగ. కొత్తవాళ్ళు విమానం పేలిపోయిందనుకుని పరుగు తీసేవాళ్ళు. "వాసన," అన్నారు పెద్దాయన. "దీపావళి తెల్లారి వాసన," అన్నాడు బాపు. నేను దాన్ని ఇంగ్లిష్‌లో చెప్పాను. ఆయన మా వీధిలో టపాసులు చూసి ఉన్నారు కాబట్టి వెంటనే తలూపారు.

బ్రిటన్ తన చివరి కాన్‌బెర్రాలను 2006 జులైలో పక్కన పెట్టింది. మన వాళ్ళు 2007 మే దాకా నడిపారు. ఈ లెక్క బాపు ముందే సిద్ధం చేసుకుని వచ్చాడు. "పది నెలలు మేమే ఎక్కువ, సర్." పెద్దాయన కర్ర నేలకు కొట్టి, "పాత సామాను మాకన్నా మీరే బాగా చూసుకుంటారు" అన్నారు. అది మెచ్చుకోలో, చురకో నాకు ఇప్పటికీ తేలలేదు.

బిన్‌బ్రూక్ వెళ్ళే దారిలో మాట అటుతిరిగి ఇటుతిరిగి ఫిర్యాదుల మీదికి పోయింది. తిండి, పరేడ్లు, సెలవులు. పెద్దాయన పనిచేసిన ఆఫీసులో ఒక పాత కార్పొరల్ ఉండేవాడట, 1946లో కరాచీ డ్రిగ్ రోడ్‌లో ఉన్నవాడు. ఆ జనవరిలో అక్కడి బ్రిటిష్ ఎయిర్‌మెన్ పరేడ్‌కు వెళ్ళబోమని మొరాయించారు. యుద్ధం అయిపోయి నెలలైనా ఇంటికి పంపడం లేదు, తిండి బాగోలేదు, పైగా మందపాటి యూనిఫారంలో ఇన్‌స్పెక్షన్. అది ఒక స్టేషన్ నుంచి ఇంకో స్టేషన్‌కు పాకి సింగపూర్ దాకా వెళ్ళింది. తర్వాతి నెలలో మన నావికుల తిరుగుబాటు, మన ఎయిర్‌మెన్ సమ్మెలు. నావికుల సంగతి మనం స్కూల్లో చదువుకున్నాం. తెల్లవాళ్ళు కూడా అన్నం బాగోలేదని సమ్మె చేశారని మాత్రం ఎవరూ చెప్పలేదు. బాపు దీన్ని రెండుసార్లు చెప్పించుకున్నాడు.

బిన్‌బ్రూక్ లింకన్‌షైర్ వోల్డ్స్ అనే గుట్టల మీద ఉంది. కారు తలుపు తీస్తే గాలి దాన్ని లాక్కుపోయింది. నార్త్ సీ మీంచి నేరుగా వచ్చే గాలి, మధ్యలో ఆపడానికి ఏమీ లేదు. ఎయిర్‌ఫోర్స్ వెళ్ళిపోయాక కుటుంబాల క్వార్టర్లు బ్రూకెన్‌బీ అనే ఊరయ్యాయి. హ్యాంగర్లలో ఏవో వ్యాపారాలు. మిగతాది పొలం. కోత అయిపోయిన గోధుమ మోళ్ళ మధ్య అక్కడక్కడా కాంక్రీటు.

రెండో యుద్ధంలో ఇక్కడ ఆస్ట్రేలియా వాళ్ళ 460 స్క్వాడ్రన్ ఉండేది. వాళ్ళ లాంకాస్టర్ బాంబర్ 'జీ ఫర్ జార్జ్' ఇప్పుడు ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెర్రా నగరంలో మ్యూజియంలో ఉంది. బిన్‌బ్రూక్ విమానం కాన్‌బెర్రాకు వెళ్ళింది, కాన్‌బెర్రా పేరున్న విమానం బిన్‌బ్రూక్‌కు వచ్చింది. ఇది పెద్దాయన డెబ్బై ఏళ్ళుగా చెబుతున్న జోకు అట. వాళ్ళ పిల్లలు ఆస్ట్రేలియాలోనే స్థిరపడ్డాక అందులో నవ్వు తగ్గిందన్నారు.

ఆయన ఇక్కడ చేసిన పని టైపింగ్. హెర్‌ఫర్డ్ దగ్గర క్రెడెన్‌హిల్‌లో నేర్పి పంపారు. ఆర్డర్లీ రూమ్‌లో, అంటే యూనిట్ ఆఫీసులో, రెండేళ్ళ లోపు ఆయన వేళ్ళ మీదుగా పోయిన కాగితాలు ఆయనకు ఇంకా నంబర్లతో గుర్తు. 252 అంటే చార్జ్ షీటు. 295 అంటే సెలవు చీటీ. ఒకటి కొట్టేటప్పుడు కుర్రాళ్ళు ఆయనను తిట్టుకునేవాళ్ళు, రెండోది కొట్టేటప్పుడు టీ ఇప్పించేవాళ్ళు. శుక్రవారం సాయంత్రం 48 గంటల పాస్ చేతిలో పడగానే పరుగు. క్రిస్మస్ రోజు ఆఫీసర్లే ఏప్రన్ కట్టుకుని ఎయిర్‌మెన్‌కు భోజనం వడ్డించేవాళ్ళు. "బడా ఖానా!" అని బాపు అరిచాడు. మన దగ్గరా ఆఫీసర్లు వచ్చి జవాన్లతో కలిసి తినే విందుకు అదే పేరు.

"విమానం ఎన్నిసార్లు ఎక్కారు?" అని నేను అడిగాను. మూడు రోజులుగా అడగాలనుకుంటున్న ప్రశ్న.

"ఒక్కసారీ లేదు."

బాపు కిటికీ వైపు తిరిగి నవ్వుకున్నాడు. అతనూ పదిహేనేళ్ళలో రెండే సార్లు ఎక్కాడు, రెండుసార్లూ బదిలీ మీద, సామాను మూటల మధ్య కూర్చుని.

ఆయన సర్వీసులో యుద్ధానికి దగ్గరగా వచ్చింది ఒక్కటే. 1956 శరదృతువులో సూయెజ్ కాలువ మీద ఈజిప్టుతో గొడవ ముదిరినప్పుడు బిన్‌బ్రూక్ కాన్‌బెర్రాలు మాల్టాకు వెళ్ళాయి. రాత్రిళ్ళు కూర్చుని ఆర్డర్లు టైప్ చేశారు, కార్బన్ పేపర్లు పెట్టి కాపీలు. ఆయన విడుదల నవంబరులో. ఆపేస్తారేమోనన్న భయంతో టైప్‌రైటర్ మీద వేళ్ళు వణికేవట. అక్టోబరు 31న బాంబులు పడ్డాయి, వారంలో కాల్పుల విరమణ. ఆయన నవంబరు మధ్యలో అనుకున్న రోజుకే ఇంటికి వెళ్ళారు. "ఈజిప్టులో ఎవరి మీద పడ్డాయో ఆ ఆర్డర్లలో ఉండదు. విమానాల నంబర్లు, మనుషుల పేర్లు, టైము. స్పెల్లింగ్ తప్పు పోకుండా చూసుకునేవాణ్ణి." కాసేపు గాలి చప్పుడే వినిపించింది. తర్వాత ముగ్గురం కారులో కూర్చుని మిగిలిన పులిహోర తిన్నాం.

నాలుగో రోజు: లింకన్

వాన. ఊరి పక్క కన్విక్ కొండ మీద బాంబర్ కమాండ్ స్మారకం ఉంది. రెండో యుద్ధంలో బాంబర్లు నడిపిన బ్రిటన్ ఎయిర్‌ఫోర్స్ విభాగం అది. తుప్పు రంగు ఇనప స్తంభం, ఎత్తు 31 మీటర్ల చిల్లర, అంటే లాంకాస్టర్ విమానం రెక్కల వెడల్పంత. చుట్టూ గోడల మీద చనిపోయిన దాదాపు 58 వేల మంది పేర్లు. ఎదురు కొండ మీద కథీడ్రల్ కనిపించాలి, వానలో కనిపించలేదు.

వాలంటీరు ఒకామె గొడుగు పట్టుకొచ్చి, "ఎవరి పేరు వెతకాలి?" అని మెత్తగా అడిగింది. పెద్దాయన కంగారుపడ్డారు. "ఎవరూ లేరు. నేను ఊరికే... నేను టైపిస్టుని. తర్వాతి కాలం." ఆమె నవ్వి, పర్వాలేదు అని వెళ్ళిపోయింది. ఆయన మాత్రం అరగంట దాకా ఏదో అపరాధం చేసినట్టు ఉన్నారు. ఇక్కడున్నవాళ్ళలో చాలామందికి ఇరవై, ఇరవై రెండేళ్ళు. వీళ్ళు వేసిన బాంబుల కింద హాంబర్గ్, డ్రెస్డెన్ లాంటి ఊళ్ళల్లో పోయినవాళ్ళ లెక్క లక్షల్లో. లోపలి ప్రదర్శనలో ఆ వైపు మాట కూడా వినిపించారు, అది నాకు నచ్చింది.

బాపు పేర్ల గోడ వెంబడి చివరిదాకా నడిచి వచ్చాడు, టోపీ తీసి చేతిలో పట్టుకుని. తడిసి ముద్దయ్యాడు. హోటల్‌కు తిరిగొచ్చి ఆవిరి పట్టించాం. ఆ రోజుకు అంతే.

అయిదో రోజు: హెండన్, లండన్

చివరి రోజు నా కోరిక. హెండన్ మ్యూజియంలో డీహెచ్ 9ఏ అని చెక్క, గుడ్డలతో చేసిన పాత బాంబర్ ఒకటుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో మన ఏడో నిజాం ఇచ్చిన డబ్బుతో కొన్నవాటిలో ఒకటి. ఆ విమానాలతో వెళ్ళిన దళానికి 110 హైదరాబాద్ స్క్వాడ్రన్ అని పేరు పెట్టారు. ఇది 1918 అక్టోబరులో జర్మన్లకు చిక్కి, బెర్లిన్ మ్యూజియంలో ఉండి, అక్కడి నుంచి పోలండ్ చేరి, 1977లో మళ్ళీ ఇంగ్లండ్‌కు వచ్చింది. బ్రిటన్ రెండో యుద్ధంలోకి దిగిన మర్నాడు, 1939 సెప్టెంబరు 4న, జర్మన్ యుద్ధనౌకల మీద బ్రిటన్ చేసిన తొలి దాడికి వెళ్ళినవాళ్ళలోనూ ఈ 110 వాళ్ళున్నారు. హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన మనలో ఎంతమందికి తెలుసు?

బాపు దాని చుట్టూ ఒకసారి తిరిగి, "మస్తుగుంది" అన్నాడు. అంతకుమించి మాట్లాడలేదు. బాపు మాట్లాడింది తర్వాత.

కారు అక్కడే వదిలి ట్యూబ్‌లో స్ట్రాండ్‌కు వెళ్ళాం. రోడ్డు మధ్యలో దీవిలా సెయింట్ క్లెమెంట్ డేన్స్ చర్చి. 1941 మే 10 రాత్రి బాంబు దాడిలో కాలి, గోడలు మాత్రం మిగిలింది. ఎయిర్‌ఫోర్స్ వాళ్ళు బాగుచేసుకుని 1958లో తమ చర్చిగా తెరిచారు. లోపలి నేలలో వేల్స్ పలకరాయితో చెక్కిన 800కు పైగా స్క్వాడ్రన్ల, యూనిట్ల గుర్తులు పొదిగి ఉన్నాయి. జనం వాటి మీంచే నడుస్తారు.

బాపు గుమ్మంలోనే ఆగిపోయాడు. "తొక్కుడేందిరా వీటిని?"

తొక్కడానికే పెట్టారని చెప్పాను. వినలేదు. ఒక గుర్తుకూ ఇంకో గుర్తుకూ మధ్య ఖాళీ చూసుకుంటూ, తొక్కుడుబిళ్ళ ఆడే పిల్లాడిలా అడుగులు వేశాడు. పెద్దాయన చేతికర్రతో ఒక్కో గుర్తూ చూపిస్తూ ముందు నడిచారు. చాలాసేపు వెతికాక 152 దొరికింది. అదీ హైదరాబాద్ స్క్వాడ్రనే. 1940లో ఇంగ్లండ్ దక్షిణ తీరం మీద స్పిట్‌ఫైర్లతో పోరాడింది. గుర్తు మీద ఉన్నది నిజాం తలపాగా. కింద 'నమ్మకమైన మిత్రుడు' అని అర్థమిచ్చే మాట, ఇంగ్లిష్‌వాళ్ళు నిజాంకు ఇచ్చిన బిరుదు.

బాపు వంగి చూశాడు. మా ముత్తాత రజాకార్ల కాలం చూసినవాడు, మా తాత లెవీ గింజలు కొలిచినవాడు. నిజాం మాటెత్తితే మా ఇంట్లో పెద్దవాళ్ళు మంచి మాట అనరు. "మా నాయిన కొలిచిన వడ్లు గివిట్ల ఎన్ని ఉన్నయో" అన్నాడు. అయినా దాన్ని తొక్కలేదు. పెద్దాయన ఏమిటని అడిగితే నేను చెప్పాను. ఆయన తన కాలు కూడా ఆ రాయి మీంచి తీసి పక్కన పెట్టారు.

తిరిగి వెళ్ళేటప్పుడు ఇబ్బంది వచ్చింది. ఏదో బృందం లోపలికి వస్తోంది, ఖాళీల మీద మనుషులున్నారు, మిగిలిందంతా గుర్తులే. బాపు ఒక్క నిమిషం చూసి, కుర్చీ అంచున కూర్చుని, అద్దంలా మెరుస్తున్న తన బూట్లు విప్పి చేతిలో పట్టుకున్నాడు. సాక్సులతో, కాళ్ళు పెద్దగా ఎత్తకుండా, నున్నటి రాయి మీద మెల్లగా జారినట్టు నడుస్తూ గుమ్మం వైపు బయల్దేరాడు.

పెద్దాయన కర్ర మీద రెండు చేతులూ ఆనించి ఆ నడకనే చూస్తున్నారు.

"ఫెల్ట్ ముక్కలు," అన్నారు నాతో. "సరిగ్గా అలాగే. మోకాళ్ళు ఇంకొంచెం వంచాలి, అంతే."